కొర్లమ్మ నల్ల గొలుసు

అనగనగా, అలలకి ఇంకా పేర్లున్న కాలంలో, ఒక చేపల ఊరు. ఆ ఊరి గట్టున ఒక స్తంభం, స్తంభానికి ఇనప గొలుసు, గొలుసుకి పెద్ద దీపం. ఆ వెలుగు చూసుకునే పడవలు ఇల్లు చేరేవి.

వేటకి పోయే ముందు ఊరివాళ్లు గొలుసుని ఇసకతో తోమి వెండిలా మెరిపించేవారు. సముద్రానికి మర్యాదట! ఉప్పుగాలికి ఆ మర్యాద ఏం తెలుసు? ఎర్రగా తుప్పు పట్టించేది. వాళ్లు మళ్లీ తోమేవారు. మళ్లీ పట్టేది. తోమగా తోమగా గొలుసు సన్నబడింది.

ఒక తుఫాను సాయంత్రం గొలుసు తెగి దీపం నేలపాలైంది. చేపలు వేయించి అమ్ముకునే కొర్లమ్మ ఒడ్డున నిలబడి, వచ్చిన ప్రతి పడవనీ అడిగింది.

"ఇంకెవరైనా రావాలా?"

చివరి పడవవాళ్లు తల దించుకున్నారు. రావలసినవాడు ఆమె పెనిమిటే.

ఊరు కొత్త గొలుసు తెచ్చింది. కొర్లమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చి ఏడ్చి, తన పెనం కేసి చూసింది. అదీ ఇనుమే, దానికీ ఉప్పుగాలే. ఎన్నడూ ఇసక పెట్టి తోమలేదు. నిప్పు, నూనె, మళ్లీ నిప్పు. నల్లగా నున్నగా ఉంది, ఒక్క ఎర్రమచ్చ లేదు.

ఆమె కొత్త గొలుసుని కాల్చి చేపనూనె రాసింది. మొదటిసారి తేనెరంగు తేలింది. రెండోసారి నెమలికంఠపు నీలం. మూడోసారి కాటుక నలుపు.

ఊరిపెద్ద గురయ్య మండిపడ్డాడు. "ఏటే, దీపం గొలుసుకి మసి పూసినావా? తోమండర్రా!"

కొర్లమ్మ గొలుసుని కావలించుకుంది. "దాని తోలు దానికుండనీ మావా. ఈసారి తెగిందంటే నన్నూ సంద్రంలోకి తోసీండి."

వానలొచ్చాయి, తుఫానొచ్చింది. గొలుసు ఊగింది, మూలిగింది, తెగలేదు. వెలుగు పట్టుకుని పడవలు ఒక్కొక్కటే వచ్చాయి.

"ఇంకెవరైనా రావాలా?"

"లేదు సిన్నమ్మా, అందరం వచ్చేసినాం."

కొర్లమ్మ నవ్వింది. నవ్వుతూనే చాలాసేపు సముద్రం కేసి చూసింది.

ఆమె పోయి ఎన్ని తరాలైందో! ఈనాటికీ ఆ తీరాన కొత్త పెనం కొంటే మూడుసార్లు కాల్చి మూడుసార్లు నూనె రాస్తారు. ఆ నల్లపొరని కొర్లమ్మ తోలు అంటారు. రాసే ఆవిడ గుమ్మంలోంచి కేకేస్తుంది, "ఇంకెవరైనా రావాలా?" అని. ఇంట్లోవాళ్లంతా, మాటలింకా సరిగా రాని పిల్లతో సహా, "అందరం వచ్చేసినాం" అనాలి.

ఎవరైనా సంద్రం మీద ఉంటే మాత్రం ఎవరూ పలకరు. వాళ్లొచ్చేదాకా ఆ పొయ్యి ఆరనివ్వరు.