కాడి మారిన ఎద్దు

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మీరు పెరుగుతున్న ఊళ్లో ఎద్దులు లేవు, దున్నే చేలు లేవు, కూర్చోబెట్టి చెప్పే పెద్దవాళ్లూ లేరు. ఇన్నాళ్లూ చెప్పకపోవడం నా తప్పే. ఇది కొంచెం దిగులు కథ. అయినా మీకు తెలిసి ఉండాలి.

ఒక అడవి అంచున ఎలుగయ్య అనే ఎలుగుబంటికి జొన్న చేను ఉండేది. చేను పక్కన కొట్టం, కొట్టంలో రెండెద్దులు. కాడికి ఎడమవైపు నడిచేవాడు మైలడు. కుడివైపు నడిచేవాడు గౌరన్న, వయసులో పెద్ద. ఆరేళ్లుగా ఇద్దరూ ఒకే కాడి మోశారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఎలుగయ్యకు మంచి మాట రాదు. నాగటి చాలు కాస్త వంకర పోయినా, గట్టు మీద కొంగలు వింటుండగానే, "ఒరే మైలా, కళ్లు కొట్టంలో పెట్టి వచ్చావా?" అని అరిచేవాడు. రోజుకొక మోపు చొప్ప వేసేవాడు. ఒక్క పరక ఎక్కువ వేసేవాడు కాదు. అయితే పని ఉన్నా లేకపోయినా ఆ మోపు పడేది. ఎండాకాలమంతా ఎద్దులు ఊరికే నిలబడి నెమరు వేస్తున్నా పడేది. కాడి ఒరుసుకుని మెడ పుండైతే పసుపూ ఆముదమూ కలిపి రాసేవాడు. తిడుతూనే రాసేవాడు.

ఒక వేసవిలో నక్క చెంగమ్మ ఆ కొట్టానికి వచ్చింది.

"ఎంత చిక్కిపోయావు మైలన్నా! నిన్ను చూస్తే కడుపు తరుక్కుపోతోంది."

"ఏం పని మీద వచ్చావో చెప్పు, చెంగమ్మా."

"నేను ఎద్దుల్ని పనికి పంపుతుంటాను. చేలు నావి కావు, కుదిర్చేది నేను. పంది చేను, కుందేళ్ల చేను, దుప్పి చేను, అన్నీ కలిపి ఏడు. ఎద్దు కావాలంటే అందరూ నన్నే అడుగుతారు. పని చేసిన రోజున రెండు మోపులు, అదీ మంచి చొప్ప. నా దగ్గర అరుపులుండవు."

"పని లేని రోజున?" అన్నాడు గౌరన్న, మేత గాడిలోంచి తల ఎత్తకుండా.

"అదేంటి పెద్దన్నా! ఏడు చేలున్నాక, ఒకదాంట్లో లేకపోతే ఇంకోదాంట్లో ఉండదా?"

మైలడికి ఆ మాట నచ్చింది. "నన్ను ఎడమవైపే కట్టాలి. కుడివైపు నాకు అలవాటు లేదు" అన్నాడు.

"చెప్పి చూస్తాను" అని చెంగమ్మ వెళ్లిపోయింది.

"నువ్వూ రా అన్నా, జోడుగా పోదాం" అన్నాడు మైలడు.

"ఆవిడ ఎవరి తరఫు మనిషో నాకు తెలియడం లేదురా. చేను వాళ్ల తరఫా, మన తరఫా?"

"ఎవరి తరఫైతే ఏంటి? రెండు మోపులు వేస్తుంది."

"మోపులు చూశావు. జబ్బు చేస్తే ఎవరి గుమ్మం ముందు నిలబడతావు?"

"నీకు భయం పట్టుకుంది. ముసలాడివైపోయావు."

"భయమేరా, కాదనను" అన్నాడు గౌరన్న. "నువ్వు పోతే నేను ఒంటెద్దును. అది కూడా ఒకసారి ఆలోచించు."

మైలడు నాలుగు రోజులు ఆలోచించాడు. ఐదో రోజు ఎలుగయ్య ముందు నిలబడ్డాడు.

"పెద్దయ్యా, నేను చెంగమ్మ దగ్గరకు పోదామనుకుంటున్నాను."

"ఆరేళ్లు మేపాను."

"ఆరేళ్లు దున్నాను."

"అయితే పో. మళ్లీ నా గాడి వైపు చూడకు."

"ఉండరా" అని ఒక్క మాట అని ఉంటే మైలడు ఉండిపోయేవాడు. ఆ మాట ఎలుగయ్య నోటికి రాలేదు. తప్పు ఒక్క ఎద్దుదే అని నేను చెప్పలేను.

తొలకరి పడింది. ఏడు చేల మీదా ఒకే రోజు పడింది. నేల పదును ఆరిపోయేలోగా దున్నాలి కదా, ఏడుగురూ ఒకే పొద్దున చెంగమ్మ మీద పడ్డారు. మైలడు ఈ చేలోంచి ఆ చేలోకి పరుగులు పెట్టాడు. పంది అతడిని ఇంకో ఎద్దుకు జోడుగా కుడివైపు కట్టింది.

"నేను ఎడమవైపు ఎద్దును" అన్నాడు మైలడు.

"చెంగమ్మ నాకలా చెప్పలేదే. నడువు, నడువు."

తొమ్మిది రోజుల్లో మెడ పుండైంది. రెండు మోపులు మాత్రం మాట ప్రకారం పడ్డాయి. పదో రోజున ఏడు చేలలోనూ విత్తనం పడిపోయింది. ఆ రోజు చొప్ప రాలేదు. మర్నాడూ రాలేదు.

"చెంగమ్మా, నా మోపేది?"

"ఇవాళ పని చేశావా అన్నా?"

"లేదు."

"మరి?"

"ఏడు చేలున్నాయన్నావు!"

"ఉన్నాయిగా. వాన ఒకేసారి పడితే నేనేం చెయ్యను? వానని నేను పంపానా?"

"మెడ పుండైంది."

"ఎవరి చేలో అయింది?"

"పంది చేలో."

"అయితే పందినే అడుగు."

పంది బురదలోంచి లేవకుండానే జవాబు చెప్పింది. "నేను నిన్ను పిలవలేదయ్యా. ఒక ఎద్దు కావాలని చెంగమ్మకు చెప్పాను, నువ్వొచ్చావు. పుండు సంగతి ఆవిడతోనే చెప్పుకో."

చెంగమ్మ ఎద్దుల్ని ఉంచే వాగు ఒడ్డున, ముళ్ల కంప పక్కన నిలబడి మైలడు తుంగ గడ్డి కొరుక్కుతిన్నాడు. ఏడు చేలున్నా వాన ఒక్కటేనని, ఆరేళ్లు దున్నినవాడికి తెలియదా? చెంగమ్మ ఒక్క అబద్ధమూ ఆడలేదు. తెలిసిన సంగతినే అతడు మరిచిపోయేలా ఒక ప్రశ్న వేసింది, అంతే.

సిగ్గు చంపుకుని ఎలుగయ్య దగ్గరకు తిరిగి పోదామని బయలుదేరాడు. దారిలో చెంగమ్మ ఎదురొచ్చింది. ఆమె వెనక గౌరన్న.

"అన్నా! నువ్వూ మనసు మార్చుకున్నావా?"

"నేను మార్చుకోలేదురా. నువ్వు పోయాక ఒంటెద్దుతో అయ్యకు దుక్కి సాగలేదు. చేను బీడుగానే ఉండిపోయింది. ఈవిడ వచ్చి, ఒక్క ఎద్దుకు ఏడాది పొడుగునా మేత ఎందుకు, దున్నే రోజున జోడెద్దుల్ని నేనే పంపుతానంది. అయ్యకు బాగానే తోచింది."

"నిన్నేమైనా అన్నాడా?"

"ఏమీ అనలేదు. తిట్టను కూడా తిట్టలేదు. అప్పుడే తెలిసింది నాకు, ఇక నేను అతడి ఎద్దును కానని."

"కొట్టం?"

"అందులో కట్టెలు పేర్చుకున్నాడు."

నెల తర్వాత రెండో వాన పడింది. పైరు సాళ్ల మధ్య దున్నడానికి ఆ ఏడుగురికీ మళ్లీ ఎద్దులు కావాల్సి వచ్చాయి. ఆ పొద్దున ఎలుగయ్య ఆయాసపడుతూ వాగు ఒడ్డుకు వచ్చాడు.

"చెంగమ్మా, నా ఎద్దుల్ని పంపు."

"నీ ఎద్దులేవయ్యా ఇక్కడ? వరుసలో ఎనిమిదోవాడివి నువ్వు. నీ వంతు వచ్చినప్పుడు పంపుతాను."

ఆ వంతు తొమ్మిదో రోజుకు వచ్చింది. అప్పటికి నేల గట్టిపడిపోయింది. నాగలి దిగడం లేదు, పైపైన గీసుకుపోతోంది. మైలడు ఇన్నేళ్లూ దున్నిన చేనే అది. మూడో చాలులో గౌరన్న మోకాళ్ల మీద పడ్డాడు. కాడి బరువంతా అతడి మెడ మీదే ఉండిపోయింది.

"పెద్దయ్యా, గౌరన్న లేవడం లేదు" అన్నాడు మైలడు.

గట్టు మీది ఎలుగయ్య ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. విత్తనాల మూట చేతిలో అలాగే ఉంది.

"చెంగమ్మకు చెప్పు" అన్నాడు. ఎప్పుడూ అరిచేవాడు, ఈసారి అరవలేదు.

చెంగమ్మ ఆ వేళ ఇంకో ఊళ్లో, ఇంకో కొట్టం ముందు కూర్చుని మాట్లాడుతోంది.

పని లేని రోజున, లేవలేని రోజున నిన్ను మావాడు అనేది ఎవరో అడిగి తెలుసుకోకుండా ఉన్నచోటు వదలకూడదు.

పిల్లలూ, వదలనే వదలొద్దని నేను అనడం లేదు. అడగాల్సింది అడిగి వదలండి. మీరు పని వెతుక్కునే నాటికి నేను పక్కన ఉంటానో లేదో. ఈ కథ మీ తర్వాత పుట్టినవాళ్లకు మన మాటల్లోనే చెప్పండి. తొందరలో ఉన్నవాళ్లు గౌరన్నను వదిలేసి చెబుతారు. మీరు అలా చెప్పకండి.