రెండు కిరీటాల తూకం

మణిగిరి అనే ఒకానొక రాజ్యంలో ప్రచండవర్మ అనే రాజుండేవాడు. మనసు మంచిదే కానీ, తప్పు తనదని ఒప్పుకోవడం మాత్రం ఆయనకు చేతకాదు. కాలికి మెట్టు తగిలితే ఆ మెట్టునే తవ్వించేసే రకం!

ఆ రాజ్యంలో కిరీటానికో కట్టుబాటు ఉంది. అది రాజుగారి తల మీదైనా ఉండాలి, సింహాసనం మీదైనా ఉండాలి. మరెక్కడ పెట్టినా దేశానికి అరిష్టమట. పైగా కిరీటం లేని రాజును జనం చూడకూడదట. అందుకని కవల కిరీటాలు చేయించారు. రాజుగారు ఒకటి పెట్టుకుని వేటకెళితే, రెండోది సింహాసనం మీద కూర్చుని దణ్ణాలు అందుకునేది.

ఏటా రాజుగారి పుట్టినరోజున బెల్లంతో తులాభారం తూచి, ఆ బెల్లాన్ని పిల్లలకు పంచేవారు. ఆ ఏడు రాజుగారు ఎనభై వీశెలు తూగారు.

ఆస్థాన వైద్యుడు సోమయాచార్యులు ముసలివాడు, ముక్కుసూటి మనిషి. "ప్రభూ, ఒళ్ళు పెరిగింది. మెట్లెక్కితే ఆయాసం అందుకే. బూరెలు తగ్గించాలి" అనేశాడు.

ఇంకేముంది! రాజుగారి మొహం కందగడ్డ అయిపోయింది. "నా ఒళ్ళా? పట్టాభిషేకానికి ముందు తూచినప్పుడు అరవై వీశెలున్నాను, ఇప్పుడూ అంతే! మిగతా ఇరవై వీశెలూ కిరీటం బరువు. కాదంటావా? పొద్దు గుంకేలోగా రుజువు చెయ్యి. లేకపోతే ఊరు విడిచిపో!"

ఆచార్యులను చూస్తే సభలో ఉన్న కొమ్మనకు జాలేసింది. కొమ్మన రాజుగారి విదూషకుడు. నిరుడు విషజ్వరంతో కన్ను తెరవని అతని కూతురికి పక్కనే కూర్చుని మందు పోసి బతికించింది ఈ ముసలాయనే.

'మాటలతో తేలేది కాదిది' అనుకున్నాడు కొమ్మన. 'రాజుగారెంతో తెలీదు, కిరీటమెంతో తెలీదు. రెండూ కలిపి ఎనభై అన్న మాటొక్కటే చేతిలో ఉంది. దానికి అరవై, ఇరవై అన్నా సరిపోతుంది. డెబ్బై, పది అన్నా సరిపోతుంది. ఎవరు ఏం చెప్పినా ఔననే మాట అది! తెలియనివి రెండున్నప్పుడు తెలిసిన మాట ఇంకొకటి కావాలి.' కానీ కిరీటం తీయకూడదు, తక్కెడలో పెట్టకూడదు. మరెలా?

అతని చూపు సింహాసనం మీద పడింది. పెదవి మీదికి నవ్వొచ్చింది.

"ప్రభూ! ఏలినవారి కీర్తికి ఒక్క కిరీటమేం చాలుతుంది? ఆ రెండోది కూడా ధరించి తులాభారం తూగితే, ఇలాంటి వైభవం ఏ రాజ్యంలోనూ లేదని జనం చెప్పుకోరూ?"

రాజుగారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. "భేషైన మాట! తీసుకురండి!"

"రెండూ సరిసమానమేనా ప్రభూ?"

"గురిగింజెత్తు తేడా ఉంటే అడుగు! స్వయంగా నేనే చేయించాను."

"అయితే ఇంకో ఇరవై వీశెల బెల్లం గంపకెత్తండర్రా" అని కేకేశాడు కొమ్మన.

ఒక కిరీటం మీద ఇంకో కిరీటం పెట్టుకుని, పడిపోకుండా రెండు చేతులతో పట్టుకుని, రాజుగారు తక్కెడలో కూర్చున్నారు. రెండో పళ్ళెంలో ఎనభై వీశెల బెల్లం అలాగే ఉంది. దాని మీద ఒక వీశె వేశారు. రెండు వేశారు. మూడో వీశె పడగానే ముల్లు నిటారుగా నిలబడింది. గంపలో పదిహేడు వీశెలు మిగిలిపోయాయి.



"కొమ్మనా, ఏమిటిది?" అన్నారు రాజుగారు.

"తమరూ ఒక కిరీటమూ కలిపితే ఎనభై ప్రభూ. తమరూ రెండు కిరీటాలూ కలిపితే ఎనభై మూడు. పెరిగిందల్లా ఒక్క కిరీటమే కనుక దాని బరువు మూడు వీశెలు. ఎనభైలోంచి ఆ మూడూ తీసేస్తే, మిగతా డెబ్బై ఏడూ తమరే!"

రాజుగారి కళ్ళు ఎర్రబడ్డాయి. అయినా కొమ్మన చేతులు కట్టుకుని అన్నాడు: "తమకు కోపం వచ్చిందా ప్రభూ? ఇదిగో, తమకిష్టమైన బూరెలు. ఒకటి నోట్లో వేసుకోండి." పుట్టినరోజుకని చేసిన బూరెల పళ్ళెం ముందుకు జరిపాడు.

రాజుగారు చెయ్యి చాచబోయారు. కిరీటాలు ఊగాయి. చటుక్కున మళ్ళీ పట్టుకున్నారు. ఇంకో చేత్తో ప్రయత్నించారు. కిరీటాలు ఇటు ఒరిగాయి. కింద పడితే దేశానికే అరిష్టం! బూరెలు చూస్తే ఎదురుగా ఊరిస్తున్నాయి.

"చూశారా ఆచార్లుగారూ," అన్నాడు కొమ్మన, "మీ పథ్యం ఎంత తేలికో! భోజనాల వేళ ప్రభువులు రెండు కిరీటాలూ పెట్టుకుంటే చాలు."

రాజుగారు పకపకా నవ్వేశారు. నవ్వుతూ కూడా కిరీటాలు వదల్లేదు. "ఓరి గడుసువాడా! నా చేతే నన్ను తూయించావు కదరా! ఆచార్లుగారూ, మీరెక్కడికీ వెళ్ళొద్దు. రేపటి నుంచి నా వంటశాల మీ చేతిలోనే. కొమ్మనా, నా మెడలో హారం నీదే. నువ్వే వచ్చి తీసుకో, నాకు చేతులు ఖాళీ లేవు!"