కొయ్య పావురం చూసిన దిక్కు

ఏడువందల అరవై రెండో సంవత్సరం, పొగమంచు విడవని చలికాలం. ఇటలీ ఉత్తరాన కొండల కింద ఉన్న ఒక క్రైస్తవ మఠంలో తెవుడో అనే శిష్యుడు గురువును అడిగాడు: "స్వామీ, గుండు చేయించుకున్న రోజున వెనకటి బతుకు పోయినట్టేనా?" అతను మొన్నటిదాకా కత్తి పట్టినవాడు. అతని చేతిలో ఒకడు చచ్చాడు. తెల్లవారితే దీక్ష. పోయినట్టే అన్న ఒక్క మాట కోసం అతని ప్రాణం కొట్టుకుంటోంది.

గురువు వాల్పెర్తు ఒకప్పుడు ఆ సీమకు దొర. మఠం కట్టింది కూడా తను వేటాడిన అడవిలోనే. అడిగినదానికి జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. చెప్పులు తొడుక్కుని, రమ్మని సైగ చేశాడు.

ఏటి అవతల శ్మశానానికి వెళ్లారు. పరాయిచోట చచ్చిన మనిషికి ఆ సీమవాళ్లైన లొంబార్డులు సొంత ఊరి శ్మశానంలో ఒక వాసం పాతి, కొనకు కొయ్య పావురాన్ని బిగిస్తారు. చచ్చిన దిక్కుకు దాని ముక్కు. మంచులో వాసాలు కనబడలేదు. పావురాలు మాత్రం తేలుతున్నట్టున్నాయి, అన్నీ తూర్పున పాత యుద్ధభూమి వైపు చూస్తూ. ఒక్కటి మాత్రం మఠం వైపు.

రదెలిందా అనే ముసలామె నిచ్చెనెక్కి దాన్ని తూర్పుకు తిప్పుతోంది. పన్నెండేళ్లుగా ఇదే పనట. కొడుకు యుద్ధంలో పోయాడని అప్పట్లో దొరగారే కబురు పంపితే వాడి పేరున ఈ వాసం పాతించింది. తను ఎన్ని మేకులు కొట్టినా ఇది మళ్లీ ఇటే తిరుగుతుంది. గాలి అంటారు, గాలికి ఈ ఒక్క పావురమే దొరికిందా అని నవ్వి, కిందికి చూసింది.

"గుండు చేయించుకున్నా నడక మారలేదు, దొరా."

ఆమె చెయ్యి తీసింది. ఆకు కదలని ఆ చలిలో, తెవుడో చూస్తుండగానే, పావురం కిర్రుమని మఠం వైపు తిరిగింది.

వాల్పెర్తు మోకరించాడు. "నీ కొడుకు యుద్ధానికి రానేలేదమ్మా. ఎదురు చెప్పాడని వేటలో నేనే పొడిచాను. ఆ చోటు ఎవరూ తవ్వకూడదని దానిమీద మఠం చర్చి బలిపీఠం కట్టించాను."

ఆమె ఏడవలేదు. నిచ్చెన దిగి, పార ఎక్కడుందని అడిగింది.

 మఠానికి తిరిగొచ్చే దారిలో గురువు తెవుడోతో అన్నాడు: "నాకు గుండు చేసిన సంగతి ఆ పావురానికి ఎవరూ చెప్పినట్టు లేదు."

మర్నాటి దీక్షకు తెవుడో రాలేదు, తను చంపినవాడి ఊరి దారి పట్టాడు. ఎముకలు బలిపీఠం కింద దొరికాయి. తవ్వకానికి చర్చి తూర్పు గోడ, దానితోపాటు కప్పు కూలాయి. వాల్పెర్తు మిగిలిన పదకొండేళ్లూ కప్పులేని చర్చిలోనే ప్రార్థన చేశాడు.