విగ్రహానికి వీపు చూపిన రాజు

విజయగిరిని ఏలే కంపరాజు, నాలుగు వీధులు కలిసే కూడలిలో తన విగ్రహాన్ని తాటిచెట్టంత ఎత్తున నిలబెట్టమని శిల్పి పేరోజును పురమాయించాడు. ఏడాదికి విగ్రహం లేచింది. దానితోపాటు ఒక శాసనమూ వచ్చింది: విగ్రహానికి వీపు చూపినవాళ్ళు ఎవరైనా సరే, పది కొరడా దెబ్బలు.

మొదటి దెబ్బలు ఉల్లిపాయలమ్మే ముసలి ఎంకవ్వకు పడ్డాయి. తాను చెక్కిన రాయి వల్లే ఆమె ఒళ్ళు హూనమైందని పేరోజుకు ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున్నే అతను ఎడ్లబండి తోలుకొచ్చి విగ్రహం చుట్టూ తిరగసాగాడు. సంగతి అర్థమైన బండ్లవాళ్ళంతా వెనకే చేరారు. కోటకు పాలు తెచ్చే బండి కూడా వాళ్ళ మధ్య చిక్కుకుంది.

పాలు అందని రాజు మండిపడుతూ గుర్రమెక్కి వచ్చాడు. "ఏమిట్రా ఈ గానుగ తిరుగుడు? మీ దారిన మీరు పోరేం?"

"ఏ వీధిలోకి మళ్ళినా తమ విగ్రహానికి వీపు చూపినట్టే కదా ప్రభూ! వెనక్కి నడవమంటే ఎడ్లు వినడం లేదు," అన్నాడు పేరోజు.

"అయితే తిరుగుతూనే ఉండండి!" అని రాజు గుర్రాన్ని కోటవైపు తిప్పబోయాడు.

పేరోజు కంగారుగా చేతులు జోడించాడు. "ఆగండి ప్రభూ! శాసనంలో 'ఎవరైనా సరే' అని ఉంది. మేమంతా కళ్ళు మూసుకున్నాక మళ్ళండి. ఎవరడిగినా చూడలేదనే చెబుతాం."

విగ్రహం దగ్గర కొరడా పట్టుకుని కాపలా ఉన్న భటుడు నేలచూపులు చూశాడు. రాజు ముఖం కందగడ్డైంది.

"శాసనం రద్దు!" అని గుర్రం మీంచే అరిచాడు. ఆ మాట నాలుగు వీధులకూ వినపడిందని రూఢి చేసుకున్నాకే, తన విగ్రహానికి వీపు చూపి కోటకు మళ్ళాడు.