చీటీ అడగని మందుల కొట్టు

అడవికీ చెరకు తోటలకీ మధ్య సంత జరిగే చోట జంబయ్య అనే నక్క మందుల కొట్టు పెట్టాడు. మందుల గురించి అతనికి తెలిసిందల్లా రంగులే. ఎర్ర బిళ్ళ నొప్పులకి, పచ్చది పొట్టకి, రెండు రంగుల గొట్టం బిళ్ళ మిగతా అన్నిటికీ. అయినా కొట్టు కిటకిటలాడేది. ఎందుకంటే జంబయ్య డాక్టరు రాసిన చీటీ అడగడు.

ఒకరోజు సీతాలు అనే గేదె దగ్గుతూ కొంగ డాక్టరు దగ్గరికి బయల్దేరింది. జంబయ్య దారిలోనే ఆపి, ఆ కొంగ ముక్కు పొడుగే తప్ప అనుభవం పొట్టి అన్నాడు.

"కొత్త వైద్యుడికన్నా పాత రోగి నయం అన్నారు సీతాలూ. నేను చూడని దగ్గా?" అని నాలుగు గొట్టం బిళ్ళలు కత్తిరించి ఇచ్చాడు. అట్ట మీద మందు పేరు, గడువు తేదీ, చీటీ ఉంటేనే ఇవ్వాలని చెప్పే ఎర్ర గీత ఉన్న ముక్కని మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇదివరకు ఏదో మందు పడక ఒళ్ళంతా దద్దుర్లు లేచాయని సీతాలు చెప్పబోతే, అది వేరే రంగై ఉంటుందన్నాడు.

రెండో బిళ్ళకే సీతాలు మూతి గుమ్మడికాయంత వాచింది. ఊపిరి అందలేదు. పక్క గూట్లోని పుల్లమ్మ అనే కోడి పరుగున వెళ్ళి డాక్టర్ని తెచ్చింది కాబట్టి బతికింది. డాక్టరు పాత చీటీలు తిరగేసి, అప్పుడు పడనిదీ ఈ మందే అని తేల్చాడు. ఉత్త జలుబు దగ్గుకి దీంతో పనే లేదన్నాడు. తలనొప్పి బిళ్ళలాంటివి ఎవరికివారు కొనుక్కోవచ్చు గానీ, వాటికీ అట్ట చదవాలి, పడనివేంటో కొట్టువాడికి చెప్పాలి అని గట్టిగా మందలించాడు.

మరుసటి సంతకి పుల్లమ్మ కొట్టుకి వెళ్ళింది. జంబయ్య మెడకి మఫ్లరు చుట్టుకుని తుమ్ముతూ అమ్ముతున్నాడు. పుల్లమ్మ అతని నుదుటి మీద రెక్క వేసి చూసింది.

"ఒళ్ళు కాలిపోతోంది మామా. సీతాలుకిచ్చిన బిళ్ళ నువ్వూ ఒకటి మింగరాదూ?"

జంబయ్యకి నవ్వొచ్చింది. "డాక్టరు చూడకుండా ఏది పడితే అది ఎలా మింగుతానే? నేనేమన్నా గేదెనా?"

సంతంతా విన్నది. బిళ్ళలు కొన్నవాళ్ళు ఒక్కొక్కరే తిరిగి బల్ల మీద పెట్టేశారు. వెనకాలే నిలబడ్డ సీతాలు ముందుకొచ్చింది. మఫ్లరుతో సహా జంబయ్యని కొమ్ముల మీద ఎత్తుకెళ్ళి డాక్టరు గుమ్మంలో దించింది. సూది చూడగానే జంబయ్య కళ్ళు తిరిగి పడిపోయాడు.

పేరూ తేదీ దాచి అమ్మేవాడి దగ్గర అమృతమైనా కొనకూడదు.