వాక్కాయ కంచెలో పిగిలిపిట్ట

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున దూదమ్మ అనే కుందేలు ఉండేది. దాని బొరియ ముందు చిన్న తోట. అందులో ముల్లంగి, తోటకూర, కాసిని బంతిమొక్కలు. తోట చివర, బొరియకి ఎదురుగా గుబురుగా వాక్కాయ కంచె. వాక్కాయ ముళ్ళు మీకు తెలుసుగా పిల్లలూ, చేయి పెడితే రక్తం చూడాల్సిందే!

ఆ ముళ్ళ మధ్య ఒక పిగిలిపిట్ట కాపురం ఉండేది. తల మీద నల్ల జుట్టు, తోక కింద ఎర్ర మచ్చ. తెల్లారకముందే పాట అందుకునేది.

"పొద్దున్నే ఏమిటే నీ గోల?" అని దూదమ్మ విసుక్కునేది.

"నిన్ను లేపుతున్నా కుందేలక్కా! మంచు ఆరకముందే ముల్లంగి ఆకు తింటే ఎంత బాగుంటుందో!" అనేది పిట్ట.

ఒక చలికాలం మంచుకొండల అవతలి నుంచి ఒక ముసలి బాతు వచ్చి చెరువులో దిగింది. దానికి ఫెంగ్‌షుయ్ తెలుసట. అంటే గాలికీ నీటికీ అనువుగా ఇంటినీ తోటనీ సర్దుకునే పద్ధతి. ఆ మాట చెవిన పడగానే దూదమ్మ పరుగున వెళ్ళి బాతుని పిలుచుకొచ్చింది.

"బాతు తాతా, నా తోటకి కళ రావాలి. ఏం చేయమంటావు?" అంది.

"ముందు ఒకటి చెప్పమ్మా. ఈ తోటలో ఎవరెవరు ఉంటారు?" అని అడిగింది బాతు.

పిట్ట అప్పుడు మేతకి పోయింది. "ఇంకెవరుంటారు? నేనొక్కదాన్నే" అంది దూదమ్మ.

అప్పుడు బాతు మూడు మాటలు చెప్పింది. తిన్నగా ఉన్న దారిని వంపు తిప్పమంది. వాకిట్లో కాసిని నీళ్ళు పెట్టమంది. గుమ్మానికి ఎదురుగా ముళ్ళు ఉండకూడదు, తీసెయ్యమంది. చలి తగ్గగానే తన దేశానికి ఎగిరిపోయింది.

దూదమ్మ దారిని బంతిపూల పక్కగా తిప్పింది. నడుస్తుంటే హాయిగా ఉంది. పగిలిన కుండ అడుగులో నీళ్ళు పోసి పెట్టింది. సీతాకోకచిలుకలు వచ్చాయి. ఒక కప్ప వచ్చి అక్కడే ఉండిపోయింది. ఇక దూదమ్మ ఆనందం పట్టనలవి కాలేదు. రెండు మాటలూ ఫలించాయి, మూడోది మాత్రం ఎందుకు వదలాలి అనుకుంది. వెళ్ళి కంచె మొదళ్ళు కొరకడం మొదలుపెట్టింది.

పిగిలిపిట్ట గిలగిలలాడింది. "అక్కా, అక్కా! నా పిల్లలు ఇంకా కళ్ళు తెరవలేదు. వాటికి రెక్కలొచ్చేదాకా ఆగవా?"

"అప్పటికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అయినా నేనేమన్నా కసాయిదాన్నా? నీ గూడున్న మొక్క ముట్టుకోనులే" అంది దూదమ్మ.

"చుట్టూ ఉన్నవి పోతే ఈ ఒక్కటీ ఏం కాపాడుతుందక్కా?"

దూదమ్మ వినలేదు. ఆ ఒక్క మొక్క వదిలి కంచె అంతా నేలమట్టం చేసింది. తన మంచితనానికి తానే మురిసిపోయింది కూడా. ఇక్కడి నుంచి చెప్పడానికి నాకు మనసు రావడం లేదు. కానీ చెప్పాలి.

మర్నాడు మధ్యాహ్నం అడవిపిల్లి వచ్చింది. ఇన్నాళ్ళూ అది మూతికి ముళ్ళు గుచ్చుకుని వెనక్కి పోయేది. ఇప్పుడు దర్జాగా నడిచి వచ్చింది. దాన్ని చూడగానే దూదమ్మ ఒక్క గెంతులో బొరియలో దూరింది. పాపం, ఆ పసికూనలు ఎక్కడికి పోతాయి? తల్లిపిట్ట అరుపులు బొరియలోకి వినబడుతూనే ఉన్నాయి. అవి ఆగాక దూదమ్మ బయటికి వచ్చింది. ఖాళీ గూడు నేల మీద పడి ఉంది.

"నన్ను క్షమించవే" అని ఏడ్చింది దూదమ్మ.

పిట్ట తిట్టలేదు. "కళ్ళు తెరిచాక వాటికి మొదట నిన్నే చూపిద్దామనుకున్నానక్కా" అంది. అంతే, ఎగిరిపోయింది.

మళ్ళీ చలికాలం వచ్చింది, బాతూ వచ్చింది. "నీ మాట విని తోటని మూగదాన్ని చేసుకున్నాను తాతా!" అని దూదమ్మ దాని మీద విరుచుకుపడింది.

బాతు అంతా విని తల దించుకుంది. "ముళ్ళు తీయమన్నది నేనే తల్లీ. ఆ బాధ నాకూ ఉంది. కానీ అదంతా తర్వాతి మాట. నేను నిన్ను మొట్టమొదట ఏమడిగాను?"

దూదమ్మకి గుర్తొచ్చింది. నేనొక్కదాన్నే అని చెప్పింది తనే.

ఆ ఏడే అది మళ్ళీ వాక్కాయ విత్తనాలు నాటింది. కొన్నేళ్ళకి కంచె మునుపటిలాగే గుబురుగా పెరిగింది. కాయలు పండుతాయి, పొడిచి తినేవాళ్ళు లేక రాలిపోతాయి. దూదమ్మ మాత్రం తెల్లారకముందే లేచి కూర్చుంటుంది. లేపేవాళ్ళెవరూ లేరు.

నీ తోటలో ఎవరెవరు ఉంటారని ఇప్పుడెవరైనా అడిగితే, దూదమ్మ కప్పనీ, సీతాకోకచిలుకల్నీ, చివరికి చీమల్నీ కూడా వదలకుండా చెబుతుంది. చెప్పి చెప్పి, కంచె వైపు చూసి ఆగిపోతుంది.

నీతి: ఇల్లు చక్కదిద్దుకునే ముందు, అందులో మనతోపాటు ఎవరెవరు బతుకుతున్నారో చూసుకోవాలి. కంచె మళ్ళీ మొలుస్తుంది కానీ, పోయిన ప్రాణం తిరిగి రాదు.