కిరీటం జారిన బొమ్మ

పూర్వం ఒక రాజ్యంలో తోలుబొమ్మలాడించే మేళాలన్నింటినీ రత్నప్ప అనే పెద్ద మేళం యజమాని ఒక్కొక్కటిగా మింగేశాడు. మిగిలింది గోవిందవ్వ మేళం ఒక్కటే. ఆమె లొంగకపోయేసరికి, "ఈ రాజ్యంలో ఎవరు బొమ్మ ఆడించినా ఆ ఆట రత్నప్పదే" అని రాజముద్ర వేయించుకొచ్చాడు. గోవిందవ్వ చెమటోడ్చి కట్టిన కథలకు కూడా చివర్లో రత్నప్ప పేరే చాటాలట!

ఆమె నేరుగా కోట ముందే తెర కట్టి, తుమ్మినప్పుడల్లా కిరీటం ముక్కు మీదికి జారే రాజుబొమ్మను ఆడించింది. రాజుగారి కిరీటం సంగతి తెలియనిదెవరికి? జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు.

మర్నాడే ఇద్దరికీ సభకు పిలుపొచ్చింది.

"ఎవరిదా ఆట?" అన్నాడు రాజు, ముఖం గంటు పెట్టుకుని.

"ఆడించిన చేతులు నావి ప్రభూ. ఆట మాత్రం రత్నప్పగారిది. తమరి ముద్రే ఉందిగా!" అంది గోవిందవ్వ.

రత్నప్ప గబుక్కున రాజు కాళ్ల మీద పడ్డాడు. "అయ్యయ్యో, నాది కాదు మహాప్రభో! ఈవిడ కట్టిన ఆటలేవీ నావి కావు. కావాలంటే రాసిస్తాను!"

రాజు రాయమన్నాడు. రత్నప్ప అక్కడికక్కడే రాసిచ్చిన తాటాకును గోవిందవ్వ భద్రంగా రొంటిన దోపుకుంది.

"అయితే శిక్ష నీకే" అన్నాడు రాజు.

"వేయండి ప్రభూ. కానీ ఆటలో నేను ఏ రాజు పేరూ చెప్పలేదు. ఆ బొమ్మ మీరేనని తీర్పులో ఏలినవారే రాయించాలి మరి."

రాజు పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు కిరీటం ముక్కు మీదికి జారింది.